గాజు గొట్టం నీలంగా వచ్చిన రోజు

మా ఇంట్లో పొద్దున పొయ్యి మీద ముందు కాగేది చాయ్ కాదు, మా ఆయన మూత్రం. నవ్వేవాళ్ళు నవ్వండి, మొదట్లో నేను కూడా నవ్వాను. వేలు గుచ్చి చిన్న మిషన్‌లో షుగరు చూసుకోవడం అప్పుడు మా బస్తీలో ఎవరికీ తెలియదు. దవాఖానాలో ఒక సీసాలో నీలం మందు ఇచ్చేవాళ్ళు. గాజు గొట్టంలో ఆ మందు కొంచెం పోసి, మూత్రం చుక్కలు వేసి మంట మీద కాచాలి. నీలంగానే ఉంటే షుగరు లేదు. ఆకుపచ్చకు తిరిగితే కొంచెం ఉన్నట్టు. పసుపుకు వస్తే ఎక్కువ. ఇటుక రంగు వచ్చిందంటే ఒళ్ళంతా చక్కెరే. మా ఇంట్లో ఇటుక రంగే వచ్చేది.

నాకు చదువు సంతకం వరకే. నేను చెప్తుంటే మా చెల్లెలి బిడ్డ రాస్తోంది. నా మాటను బడి తెలుగులోకి దిద్దుతానంటే సరే దిద్దమన్నాను. మాట్లాడినవాళ్ళ మాటలు మాత్రం ఎట్లా ఉన్నవి అట్లా ఉంచమన్నాను. చచ్చిపోయిన మనిషి మాటలు దిద్దితే నాకు ఆయన వినబడడు.

మేము నాచారంలో ఫ్యాక్టరీల వెనక, వరసగా కట్టిన రేకుల గదుల్లో ఉండేవాళ్ళం. మా ఆయన పైపుల ఫ్యాక్టరీలో హెల్పర్. మామగారి కాలం నుంచే క్రీస్తును నమ్ముకున్న ఇల్లు మాది. ఆదివారం ఉప్పల్ పోయే దారిలో ఉన్న రేకుల మందిరానికి పోయేవాళ్ళం. అక్కడ మా ఆయన ఎప్పుడూ చిట్టచివర, చెప్పులు విడిచే చోటికి దగ్గరగా కూచునేవాడు. నోరు విప్పి గట్టిగా పాట కూడా పాడేవాడు కాదు. అట్లాంటి మనిషి.

షుగరు వచ్చిందని తెలిసింది దాహంతో. కుండెడు నీళ్ళు తాగేవాడు, మళ్ళీ మళ్ళీ మూత్రానికి లేచి పోయేవాడు. ప్యాంటు జారిపోతుంటే పురికొస కట్టుకుని డ్యూటీకి పోయాడు. దవాఖానాలో డాక్టరు గోలీలు ఇచ్చాడు. అన్నం తగ్గించి జొన్నరొట్టె తినమన్నాడు. కొన్నేళ్ళు ఆ గోలీలతోనే నడిచింది. తర్వాత గోలీలు పనిచేయడం మానేశాయి. ఇక సూదిమందే, పొద్దున, సాయంత్రం, బతికినంత కాలం అన్నాడు డాక్టరు.

సూది పడిందంటే మనిషి పని అయిపోయినట్టే అని మా దగ్గర అందరూ అనుకునేవాళ్ళు. ఫ్యాక్టరీలో వాళ్ళు ఊరుకుంటారా? చాయ్ బండి దగ్గర ఒకాయన, "ఏం బావా, నీకు చక్కెర ఎందుకే, చాయ్‌ల ఏలు ముంచుకుంటె సాలు" అన్నాడట. ఆ మాట ఇంటికి వచ్చి తనే నాకు చెప్పి నవ్వాడు. నవ్వాడు గానీ తర్వాత ఆ బండి దగ్గరికి పోవడం మానేశాడు.

సూది ఇచ్చేది నేనే. నర్సమ్మ నిమ్మకాయ మీద పొడిపించి నేర్పింది. గాజు సిరంజిని నీళ్ళలో ఉడకబెట్టి తీసేదాన్ని. మాకు ఫ్రిజ్ ఎక్కడిది? చిన్న కుండలో ఇసుక పోసి, తడిపి, మందు సీసా అందులో దాచేదాన్ని. ఆయన తొడ చాపి మొహం అటు తిప్పుకునేవాడు.

"పశువుకు పొడిసినట్టు పొడుస్తున్నవే."

"పశువైతే తంతది. నువ్వు తంతలేవు గద, ఊకో."

ఆ సూది మా ఇంటికి మంచే చేసింది. బుగ్గలు మళ్ళీ నిండాయి. గొట్టంలో రంగు ఇటుక నుంచి పసుపుకు, పసుపు నుంచి ఆకుపచ్చకు దిగింది. కానీ మందిరంలో ప్రతి ఆదివారం ఎవరో ఒకరు లేచి, నా కడుపునొప్పి పోయింది, నా బిడ్డకు జ్వరం పోయింది అని సాక్ష్యం చెప్తుంటే ఈయన వింటూ చేతితో తొడ రుద్దుకునేవాడు. నేను ఆడవాళ్ళ వైపు నుంచి చూసేదాన్ని.

ఆ ఏడు ఎండలు ముదరక ముందు మందిరంలో ఉపవాస ప్రార్థనలు పెట్టారు. షుగరు ఉన్నవాడు ఉపవాసం ఉండొద్దని డాక్టరు ముందే చెప్పాడు. నేను మందిరం గేటు దగ్గర కూడా చెప్పాను. వినలేదు. తిండి లేకుండా సూది వేసుకుంటే కళ్ళు తిరిగి పడిపోతావని కూడా డాక్టరు చెప్పి ఉన్నాడు కదా, ఆ మాట మాత్రం పట్టుకున్నాడు. తిండి లేదు కాబట్టి సూది వద్దన్నాడు. నీళ్ళ మీదనే ఉన్నాడు. ప్రార్థనల చివరి రోజు, ఆదివారం పొద్దున నేను లేచేసరికి పొయ్యి ముందు కూచుని తనే గొట్టం కాస్తున్నాడు.

"ఇగో, సూడు."

చూశాను. నీలం. ఒక్క చారిక కూడా ఆకుపచ్చ లేదు. మా ఇంట్లో ఆ రంగు ఎన్నడూ రాలేదు.

దూది ఉండ గొట్టం మూతికి కుక్కి, చేతిరుమాల్లో చుట్టి, జేబులో పెట్టుకున్నాడు.

మందిరంలో వాక్యం చెప్పే అయ్యగారు, సాక్ష్యం ఉన్నవాళ్ళు లేవండి అనగానే చెప్పుల దగ్గర కూచున్న మనిషి లేచి ముందుకు నడిచాడు. రుమాలు విప్పి గొట్టం పైకి పట్టుకున్నాడు.

"మునుపు ఇటుక రంగుండె. ఇయ్యాల సూడున్రి. ఆకాశం రంగు. దేవుడు నా షుగరు తీసేసిండు. ఇగ నాకు సూది లేదు, గోలీ లేదు."

అందరూ స్తోత్రం, స్తోత్రం అన్నారు. గొట్టం చేతి నుంచి చేతికి పోయింది. ఒక ముసలమ్మ దాన్ని కళ్ళకు అద్దుకుంది. అందులో ఏముందో ఆ మందిరంలో మా ఇద్దరికే తెలుసు. నాకు నవ్వు, ఏడుపు కలిసే వచ్చాయి. కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. అది చూసి అందరూ నేను ఆనందంతో ఏడుస్తున్నాననుకున్నారు.

ఆ సాయంత్రం ఉపవాసం విడిచి అందరం కలిసి అన్నం తిన్నాం. మర్నాడు పొద్దున నేను గొట్టం కాచాను. ఇటుక రంగు. ఆయన ముందు పెట్టాను.

"తిన్లేదు గనక నీలం వచ్చింది. పొయ్యిల కట్టె పెట్టకపోతె పొగ ఏడికెల్లొస్తది? సూది వేస్తా, కాలు సాపు."

గొట్టాన్ని పక్కకు జరిపాడు. "నలుగుట్ల నిలవడి దేవుని పేరు మీద జెప్పిన. ఇప్పుడు సూది వేస్కుంటె ఆయనను అబద్ధికుణ్ణి జేసినట్టయితది."

"దేవుడు నీ సూది కాడ కావలి కూసున్నడా?"

"ఆయన గాదు. జనం కూసున్నరు" అన్నాడు.

అది నిజం. మా పక్క గదిలో మిషను కుట్టే చెల్లె ఉండేది. జాకెట్లు, లంగాలు కుట్టేది. మా ఆయనను అన్న అనేది, నన్ను వదినె అనేది. ఆమెకు కూడా షుగరే. ఇంకా గోలీలతో ఆగే షుగరు. ఆ ఆదివారం మందిరం నుంచి ఇంటికి రాగానే తన గోలీలు తీసుకుపోయి మురుగు పారే మోరీలో పడేసింది.

"మా అన్నకు జేసిన దేవుడు నాకు జెయ్యడా వదినె?" అంది.

నేను మా ఆయన వైపు చూశాను, ఏమన్నా అంటాడేమోనని. ఆయన మొహం వెలిగిపోతోంది. అంత వెలుగు మా పెళ్ళిలో కూడా నేను చూడలేదు.

నేను అయ్యగారి ఇంటికి పోయాను. ఆయన చెడ్డవాడు కాదు. వెంటనే మా ఇంటికి వచ్చాడు. మంచం మీద కూచుని, "తమ్మీ, మందు గూడ దేవుడిచ్చిందే. వేస్కో. తప్పులేదు" అన్నాడు.

"వేస్కుంట అయ్యగారూ. మరి వచ్చే ఆదివారం లేసి జనానికి ఏం జెప్పాలె? నా సాక్ష్యం అబద్ధమని జెప్పాల్నా? మీరే జెప్పున్రి."

అయ్యగారు నేల చూశాడు. నారపల్లిలో ప్రార్థన కూడిక పెట్టుకున్నారు, అన్నోజిగూడలో పెట్టుకున్నారు, ఈయన సాక్ష్యం చెప్పాలని అప్పటికే కబురు పోయింది. "ప్రార్థన చేద్దం" అని లేచాడు. ప్రార్థన చేసి పోయాడు.

ఇక నేను ఇంకో దారి పట్టుకున్నాను. చెట్టు నుంచి వచ్చింది మందు కాదు, తిండి అన్నాను. దానికి ఒప్పుకున్నాడు. ఆకు తింటే సాక్ష్యానికి దోషం లేదట. అంతే, దొరికిన చెట్టునల్లా తెచ్చాను. పొడపత్రి ఆకు ఎండబెట్టి దంచాను. కాకరకాయ రసం పిండాను. మెంతులు నానబెట్టాను. నేరేడు గింజలు పొడి చేశాను. హబ్సిగూడ దగ్గర రోడ్డు పక్కన ఒకాయన చెక్క గ్లాసులు అమ్మేవాడు. అందులో రాత్రంతా నీళ్ళు ఉంచితే ఎర్రగా మారతాయి, అవి తాగితే షుగరు పోతుందనేవాడు. అదీ తెచ్చాను. అన్నీ తాగాడు పాపం, మొహం చిట్లించకుండా. గొట్టంలో ఇటుక రంగు ఒకనాడు కొంచెం పలచబడేది, మర్నాడు మళ్ళీ ముదిరేది. ఆకులు ఉత్తవి అని నేను అనను. అవి మోయలేనంత బరువు వాటి మీద పెట్టాను.

దవాఖానాకు పోయి, గోలీలు నూరి ఆ పొడిలో కలిపితే ఎట్లా ఉంటుంది సార్ అని అడిగాను. డాక్టరు తల అడ్డంగా ఊపాడు.

"తెలియకుండా వెయ్యొద్దమ్మా. షుగర్ ఒక్కసారి పడితే ఫ్యాక్టరీల మిషన్ మీద పడతడు. అయినా ఆయనకు గోలీలతోని అయ్యే పని కాదు. తీసుకరా, నేను మాట్లాడుత."

తీసుకుపోవడానికి మనిషి రావాలి కదా. దవాఖానా గేటు దగ్గర ఎవరైనా చూస్తారని ఆ వీధి వైపే పోవడం మానేశాడు. ఫ్యాక్టరీకి చుట్టు తిరిగి పోయేవాడు.

ఆదివారాలు వ్యాన్ వచ్చేది. ఊరి కూడికల్లో ఈయనకు కుర్చీ వేసేవాళ్ళు. ఆ కుర్చీ సంగతి నాకు తెలుసు. ఫ్యాక్టరీలో ఎన్నేళ్ళు పనిచేసినా ఎవరూ కూచోమనలేదు. ఊళ్ళో ఉన్నప్పుడు దొర గడీ ముందు వాళ్ళ నాయిన నిలబడే ఉండేవాడట. ఇక్కడ కుర్చీ వేసి, గ్లాసులో నీళ్ళు ఇచ్చి, అన్నా చెప్పండి అంటున్నారు. ప్యాంటుకు మళ్ళీ పురికొస వచ్చింది. ఉపవాసాలతో చిక్కానని అందరికీ చెప్పేవాడు. రాను రాను ఆ మాట తనే నమ్మాడో, నమ్మినట్టు ఉన్నాడో నాకు తెలియలేదు.

నారపల్లి కూడిక మంచి ఎండాకాలంలో జరిగింది. పొలాలను ప్లాట్లు చేసి హద్దురాళ్ళు పాతిన చోటు. జనం కోసం పందిరి వేశారు. మాట్లాడేవాళ్ళకు ముందు షాబాదు బండలు పరిచారు, వాటి మీద పందిరి రాలేదు. దేవుని మాట చెప్పేచోట మావాళ్ళు చెప్పులు వేసుకోరు. ఈయన కూడా విడిచి బండ ఎక్కాడు. నడినెత్తి మీద పొద్దు. నేను ముందు వరసలో చాప మీద కూచున్నాను. చాప దాటి నేల తగిలితేనే నా మడమ చుర్రుమంటోంది. ఆయనకన్నా ముందు మాట్లాడినవాళ్ళు ఒక కాలు మార్చి ఒక కాలు వేస్తూ త్వరగా దిగిపోయారు. ఈయన కదలకుండా నిలబడి మొదటి నుంచి చివరిదాకా అంతా చెప్పాడు. ఇటుక రంగు, ఆకాశం రంగు, అంతా. ఎంత నిశ్చలంగా నిలబడ్డాడు అని నా పక్కామె మెచ్చుకుంది.

ఇంటికి వచ్చాక కాళ్ళు కడుక్కోమని నీళ్ళు పోశాను. అరికాలి తోలు ఉడికిన ఆలుగడ్డ తొక్కలాగా ఊడి నా చేతికి వచ్చింది. రెండో కాలు కూడా అంతే.

"అయ్యో, మంట లేదా?"

"ఏడ మంట?" అని కాలు తిప్పి చూసుకున్నాడు. తర్వాత అన్నాడు, "సూసినవా, దేవుడు నాకు నొప్పి గూడ తెల్వనియ్యలే."

అది దేవుని దయ కాదు. షుగరు ముదిరితే కాళ్ళకు స్పర్శ పోతుందని డాక్టరు ఎప్పుడో చెప్పాడు. ఆ మాట గుర్తు చేస్తే వినబడనట్టు గోడ వైపు తిరిగాడు.

ఒక కాలు మానింది. రెండోది మానలేదు. పసుపు పెట్టాను, వేపాకు నూరి కట్టాను. పుండు లోపలికి పోయింది. చిటికెన వేలు నల్లబడింది. గదిలో వాసన. ఆ వాసనకు మిషను చెల్లె కూడా మా ఇంటి తలుపు దగ్గరే నిలబడి మాట్లాడేది.

"సూది వేయించుకో. నీ కాళ్ళు మొక్కుత."

"ఇది పుండు. షుగరు గాదు."

"షుగరు వల్లనే పుండు."

"నాకు షుగరు లేదు" అన్నాడు. అది మొండితనం అనడానికి కూడా లేదు. ఆ మాట అంటుంటే ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

జ్వరంతో ఒళ్ళు తెలియకుండా పోయినప్పుడు నేను ఆగలేదు. మిషను చెల్లె భర్త ఆటో తెచ్చాడు. పట్నంలో పెద్ద దవాఖానాలో పడుకోబెట్టాం. అక్కడ సాక్ష్యం అడిగేవాళ్ళు లేరు, సూది ఇచ్చేశారు. తెలివి వచ్చింది. వచ్చిన తర్వాతనే మోకాలి కింద కాలు తీసేయాలని చెప్పారు. తీసేశారు.

మందిరం వాళ్ళు చూడడానికి వచ్చినప్పుడు దుప్పటి గొంతు దాకా లాక్కునేవాడు. కాలు లేనిది కనబడితే ఆయనకు బాధ లేదు. చేతి మీద సూది మచ్చలు కనబడొద్దు. "ఈడ సూదులిస్తున్నరని జెప్పకు" అని నాకు కళ్ళతో సైగ చేసేవాడు. వాళ్ళు ప్రార్థన చేసి, పళ్ళు పెట్టి పోయేవాళ్ళు. షుగరు ఉన్నవాడికి మామిడిపళ్ళు. వాళ్ళ దృష్టిలో ఆయనకు షుగరు లేదు కదా.

తీసేసిన చోట మళ్ళీ చీము పట్టింది. ఒక మధ్యాహ్నం నేను తడిగుడ్డతో మొహం తుడుస్తుంటే నా చెయ్యి పట్టుకున్నాడు.

"మిషను చెల్లె గోలీలు వేస్కుంటున్నదా?"

"లే. నువ్వు జెప్పినప్పటికెల్లి బంద్ జేసింది."

కళ్ళు మూసుకున్నాడు. మళ్ళీ కళ్ళు తెరిచాడు.

"ఆమెకు జెప్పు. వేస్కొమ్మను. నేను తిన్లేదు గనక నీలం వచ్చిందని జెప్పు. నాతోని గాదు, నువ్వు జెప్పు."

"నువ్వే జెప్పు. ఇంటికి వోయినంక పిలుస్త."

ఇంటికి నడిచి రాలేదు, బతికీ రాలేదు.

జ్ఞాపక కూడిక మందిరంలోనే పెట్టారు. ఒకరి తర్వాత ఒకరు లేచి చెప్పారు. షుగరు నుంచి స్వస్థత పొందిన అన్న అన్నారు. కాలి పుండు సాతాను పని, పుండుతో పోయాడు గానీ షుగరుతో పోలేదు అన్నారు. నేను లేచాను. ఆడవాళ్ళ వైపు నుంచి మాట్లాడడం నాకు అదే మొదలు.

"ఆయనకు షుగరు పోలే. ఉపవాసముండె గనక గొట్టం నీలం వచ్చింది. తెల్లారె మల్ల ఎర్రగొచ్చింది, నేనే కాసిన. సూది వేస్కుంటె బతుకుతుండె. గీ మాట మీకు జెప్పమన్నది ఆయననే. గోలీలు వేస్కునేటోళ్ళు బంద్ జెయ్యకున్రి."

వెనక ఒకామె మెల్లగా, "పాపం, దుఃఖంల ఏం మాట్లాడుతుందో ఆమెకే తెలుస్తలేదు" అంది. అయ్యగారు తల ఎత్తలేదు. పాట పాడే తమ్ముడు డోలక్ అందుకున్నాడు. పాట మొదలైంది. అందరూ చప్పట్లు కొట్టారు. నేను నిలబడే ఉన్నాను. ఎవరో చెయ్యి పట్టి కూచోబెట్టారు.

మర్నాడు మిషను చెల్లె దగ్గరికి పోయాను. పది మందిలో వినకపోతే పోనీ, ఇద్దరమే ఉంటే వింటుందనుకున్నాను. కుడుతోంది. తల ఎత్తకుండానే, "రా వదినె" అంది. ఆయన దవాఖానా మంచం మీద అన్నది ఒక్క మాట పోకుండా చెప్పాను. నీ పేరు తీసి అడిగాడు, నీ కోసమే చెప్పమన్నాడు అని చెప్పాను.

"జరంల అన్నడేమో వదినె."

"జరం లేదప్పుడు."

"అన్న దేవుని దగ్గరికి వోయిండు. వోయినాయన మాట అబద్ధమని ఎట్లంటవ్? బతికున్నప్పుడు వచ్చి అన్నయితే ఇందును. నీలం నేను గూడ సూసిన గద, నా చేతుల పట్టుకున్న." ఆమె గొంతులో కోపం లేదు, నా మీద జాలే ఉంది. "నాకు మంచిగనే ఉన్నది. నువ్వు ఫికర్ జెయ్యకు."

తల దించాను. మిషను కింద ఆమె కాలు ఆడుతోంది. బొటనవేలికి గుడ్డపీలిక చుట్టి ఉంది. పీలిక మీద పచ్చటి మరక.

"గదేంది చెల్లె?"

"ఏడ?" అని వంగి చూసుకుంది. "ఓ, గదా. మొన్న సూది గుచ్చుకున్నట్టున్నది. సూసుకోలే. నొప్పేం లేదు వదినె."

మళ్ళీ మిషను తొక్కడం మొదలుపెట్టింది. నేను గడప మీద కూచున్నాను. పక్క గదే మా ఇల్లు. లేచి పోలేదు, ఆ పీలిక వైపే చూస్తూ ఉండిపోయాను.